నామ్చేలో రెండో రాత్రి ఎందుకు?

ఎవరెస్టు బేస్ క్యాంపు దారిలో నామ్చే బజార్ చేరిన మర్నాడు చాలామందికి గైడు మీద చిరాకు పుడుతుంది. లుక్లాలో విమానం దిగాక నడిచింది రెండు రోజులే. ఒంట్లో ఓపికుంది, ఆకాశం తేటగా ఉంది, తర్వాతి మజిలీ తెంగ్‌బోచే అయిదారు గంటల నడక. అయినా గైడు కదలనివ్వడు. పొద్దున్నే ఊరి వెనక కొండ మీదికి 3,880 మీటర్ల దాకా ఎక్కించి, అక్కడున్న హోటల్లో టీ తాగించి, మధ్యాహ్నానికల్లా మళ్లీ 3,440 మీటర్ల ఎత్తున ఉన్న నామ్చేకే దింపుతాడు. ఎవరైనా అడుగులు వడివడిగా వేస్తే ‘బిస్తారై, బిస్తారై’ అని నేపాలీలో నిదానం చెబుతాడు. ఎక్కిందంతా దిగడానికేనా అని మనవాళ్లు సణుక్కుంటారు. రోజు దండగ, డబ్బు దండగ అనిపించే ఆ రెండో రాత్రి శరీరం లోపల చాలా పెద్ద పని జరుగుతుంటుంది. అది చేసేది కండరాలు కావు, కిడ్నీలు.

ముందు గాలి సంగతి. ‘పైన ఆక్సిజన్ శాతం తక్కువ’ అని తరచూ వింటుంటాం. శాతం తగ్గదు. కాకినాడ బీచిలో గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం, ఎవరెస్టు శిఖరం మీదా అంతే. తగ్గేది ఒత్తిడి. గోదాములో పత్తి బస్తాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే అడుగు బస్తా అణిగి గట్టిపడుతుంది, అన్నిటికన్నా పైన ఉన్నది గుల్లగా ఉంటుంది. గాలి కూడా తన బరువుకి తనే అణుగుతుంది. సముద్రమట్టం దగ్గర 760 మిల్లీమీటర్ల పాదరసమంత ఉండే ఒత్తిడి 5,500 మీటర్లకు వెళ్లేసరికి సగమవుతుంది. ఒక్కో గుక్కలో లోపలికెళ్లే ఆక్సిజన్ అణువులూ సగమే.

దీనికి తోడు మన శరీరమే ఇంకొంత కోత పెడుతుంది. ముక్కులోంచి దూరిన గాలి ఊపిరితిత్తులు చేరేలోగా వెచ్చబడి, తడిసి, నీటి ఆవిరితో నిండుతుంది. ఆ ఆవిరి వాటా ఏ ఎత్తులోనైనా 47 మిల్లీమీటర్లు; ఒంటి వేడి మారదు కాబట్టి అదీ మారదు. మొత్తం 760 ఉన్నప్పుడు 47 పోయినా లెక్కలోకి రాదు. శిఖరం మీద ఉండే 253లోంచి పోతే అది పెద్ద కోతే. ఆవిరి పోను మిగిలిన గాలిలో ఆక్సిజన్ ఒత్తిడి సముద్రతీరంలో దాదాపు 149, బేస్ క్యాంపులో (5,364 మీటర్లు) 75 చుట్టూ, శిఖరం మీద 43.

ఆ 253 అంకె వెనక ఓ కథ ఉంది. 1981లో అమెరికా నుంచి వైద్య పరిశోధకుల బృందమొకటి ఎవరెస్టుకు వెళ్లింది. శరీరధర్మ శాస్త్రవేత్త జాన్ వెస్ట్ దాని నాయకుడు. ఆ బృందంలోని డాక్టర్ క్రిస్ పిజ్జో శిఖరం మీద నిలబడి బారోమీటర్ చూసి ఒత్తిడి కొలిచాడు. విమానాల కోసం తయారుచేసిన ప్రామాణిక పట్టికల ప్రకారం అక్కడ 236 దాకానే ఉండాలి, ఉన్నది 253. కారణం భూగోళంలోనే ఉంది. భూమధ్యరేఖకు దగ్గరి ప్రాంతాల్లో వాతావరణపు పొర కాస్త మందంగా ఉబ్బి ఉంటుంది, ఎవరెస్టు ఉన్నది 28 డిగ్రీల అక్షాంశం దగ్గర. ఇంతే ఎత్తున్న కొండ అలాస్కాలో ఉండి ఉంటే ఆక్సిజన్ సిలిండర్ లేకుండా దాని కొస ముట్టడం మనిషికి బహుశా సాధ్యమయ్యేది కాదు. ఆ 17 మిల్లీమీటర్ల తేడాతోనే ఎవరెస్టు మనిషికి అందింది.

ఇప్పుడు రెండు సంఘటనలు పక్కపక్కన పెట్టి చూడండి. 1875 ఏప్రిల్‌లో ‘జెనిత్’ అనే బెలూన్‌లో ముగ్గురు ఫ్రెంచివాళ్లు గంటల వ్యవధిలో 8,000 మీటర్లు దాటేశారు. వెంట ఆక్సిజన్ సంచులున్నాయి, కానీ వాటిని అందుకోవాలన్న తెలివి మొద్దుబారేలోగా అందుకోలేకపోయారు. క్రోచే-స్పినెల్లీ, సివెల్ చనిపోయారు. బతికి కిందికి దిగింది తిసాందియే ఒక్కడే. 1978 మే 8న రైన్‌హోల్డ్ మెస్నర్, పీటర్ హాబెలర్ అంతకన్నా ఎత్తయిన ఎవరెస్టు కొస మీద సిలిండర్ లేకుండా నిలబడ్డారు, నడిచి దిగారు. మెస్నర్‌కి ఉక్కు ఊపిరితిత్తులేమీ లేవు. ఆయన ఆ ఎత్తుకు వారాల తరబడి ఎక్కుతూ దిగుతూ వెళ్లాడు, బెలూన్‌వాళ్లు ఒక్క పూటలో వెళ్లారు. ఎత్తు జబ్బు గురించి తెలుసుకోవాల్సింది ముప్పాతిక వంతు ఇందులోనే ఉంది.

మరి ఆ గడువులో జరిగేదేమిటి?

మెడకు రెండు పక్కలా, మెదడుకు వెళ్లే ధమని చీలే చోట, బియ్యపు గింజంత కణజాలం ఉంటుంది. దాన్ని కెరోటిడ్ బాడీ అంటారు. రక్తంలో ఆక్సిజన్ తగ్గిందని మొదట పసిగట్టేది అదే. వెంటనే మెదడుకు కబురు పంపి ఊపిరి వేగం పెంచుతుంది. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ గబగబా ఊపిరి తీస్తే ఆక్సిజన్ లోపలికి రావడంతో పాటు కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది. అది పోతే రక్తంలో ఆమ్లత్వం తగ్గి క్షారగుణం పెరుగుతుంది. మామూలు రోజుల్లో మన ఊపిరిని నడిపించేది ఆక్సిజన్ లేమి కాదు, కార్బన్ డయాక్సైడే. అది తగ్గగానే మెదడు ‘ఇక చాలు, ఆపు’ అని బ్రేకు వేస్తుంది. ఒకవైపు మెడ ‘ఇంకా పీల్చు’ అంటుంటే, మరోవైపు మెదడు ‘వద్దు’ అంటుంది. కొత్తగా ఎత్తుకు వెళ్లినవాడి మొదటి రోజు ఈ పేచీలోనే గడిచిపోతుంది.

దాన్ని తీర్చేవి కిడ్నీలు. రక్తంలో పేరుకున్న బైకార్బొనేట్‌ని మూత్రంలో బయటికి పంపి, క్షారగుణాన్ని తగ్గిస్తాయి. అప్పుడు మెదడు బ్రేకు వదులుతుంది, ఊపిరి ఇంకాస్త పెరుగుతుంది, రక్తంలో ఆక్సిజన్ నిలదొక్కుకుంటుంది. కాకపోతే కిడ్నీలు ఈ పని గంటల్లో చేయలేవు. ఓ మోస్తరుగా సర్దడానికే రెండు మూడు రోజులు కావాలి. నామ్చేలో రెండో రాత్రి ఇందుకే. పగలు 3,880 దాకా ఎక్కించడం కూడా ఊరికే కాదు. కాసేపు ఎక్కువ ఎత్తు చూపించి, రాత్రికి తక్కువ ఎత్తులో పడుకోబెడితే, శరీరానికి హెచ్చరికా అందుతుంది, కోలుకునే వీలూ ఉంటుంది. 3,000 మీటర్లు దాటాక పడక ఎత్తు రాత్రికి 500 మీటర్లకు మించి పెంచొద్దని, మూడు నాలుగు రోజులకోసారి ఒకే చోట రెండు రాత్రులు ఆగమని కొండల వైద్యులు చెప్పే సూత్రం ఇక్కడి నుంచి వచ్చిందే. గమనించండి, వాళ్లు చెప్పేది పడక ఎత్తు గురించి. పగలు ఎంత ఎక్కి దిగినా ఫరవాలేదు, ఎక్కడ నిద్రపోయామన్నదే లెక్క.

డయామాక్స్ పేరుతో దొరికే అసిటజోలమైడ్ మాత్ర చేసేదీ ఇదే. కిడ్నీల చేత బైకార్బొనేట్‌ని త్వరగా పారబోయిస్తుంది. తలనొప్పిని కప్పిపుచ్చే మందు కాదది, సర్దుబాటునే తొందరపెట్టే మందు. వేసుకున్నవాళ్లకు వేళ్ల చివర్లు చిమచిమలాడతాయి, సోడా చప్పగా తగులుతుంది. సల్ఫా మందులు పడనివాళ్లు డాక్టర్ని అడగకుండా దాని జోలికి పోకూడదు.

మొదటి రాత్రుల్లో నిద్ర సంగతి వేరే చెప్పాలి. లాడ్జిలో పలచటి చెక్క గోడల మధ్య పక్క మంచం మీద పడుకున్న మిత్రుడి ఊపిరి వింటూ ఉంటే గుండె ఝల్లుమంటుంది. నాలుగైదు సార్లు లోతుగా, అంతకంతకూ పెద్దగా ఊపిరి తీస్తాడు. తర్వాత తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా ఆగిపోతుంది. అయిదు సెకన్లు, పది సెకన్లు. ఉన్నట్టుండి ఎగశ్వాసతో ఉలిక్కిపడి మళ్లీ మొదలు. పైన చెప్పిన మెడ, మెదడుల పేచీయే నిద్రలో ఇలా బయటపడుతుంది. ఇది వినడానికి భయంగా ఉంటుందేగాని జబ్బు కాదు. నిద్ర పట్టడానికని ఓ పెగ్గు వేసుకోవడమో నిద్రమాత్ర మింగడమో మాత్రం బుద్ధితక్కువ పని. అవి ఆ కాస్త ఊపిరినీ మందగింపజేస్తాయి.

‘నీళ్లు బాగా తాగండి, ఎత్తు జబ్బు రాదు’ అనే సలహా సగమే నిజం. పొడిగాలికి, ఎగఊపిరికి ఒంట్లో నీరు పోతుంది కాబట్టి తాగాల్సిందే. కానీ ఎండిపోకుండా ఉండటం వేరు, ఎత్తుకు అలవాటుపడటం వేరు. రోజుకు ఏడెనిమిది లీటర్లు బలవంతాన పోసుకుంటే రక్తంలో సోడియం పడిపోయి కొత్త ప్రమాదం వస్తుంది. నీళ్లు గడువుకు బదులు కావు.

డింగ్‌బోచే (4,410 మీటర్లు) చేరేసరికి లాడ్జి హాల్లో రాత్రి భోజనాల తర్వాత ఒక తంతు మొదలవుతుంది. మధ్యలో జడలబర్రె పేడ పిడకలతో మండే పొయ్యి, చుట్టూ బెంచీల మీద మనుషులు, చేతులు మారుతూ ఒక ఆక్సీమీటర్. కొవిడ్ రోజుల్లో మనలో ఎందరో కొని బల్ల సొరుగులో పడేసిన పరికరమే. అప్పుడు 92 కనిపిస్తే ఆసుపత్రికి పరిగెత్తాం. ఇక్కడ 85 వస్తే గైడు తలూపి పక్కవాడి వేలికి తగిలిస్తాడు. గోరక్‌షెప్ (5,164 మీటర్లు) దగ్గర 80 చుట్టూ తిరగడం మామూలే. చిక్కేమిటంటే జనం ఆ అంకెలు పోల్చుకుని ఒకరు దిగులుపడతారు, ఇంకొకరు గర్వపడతారు. చల్లబడ్డ వేలికి, రంగేసిన గోరుకు అది తప్పుడు లెక్క చూపిస్తుంది. అంకె బాగున్నా తల పగిలిపోతున్నవాడు జబ్బుమనిషే. అంకె తక్కువున్నా హాయిగా దాల్‌భాత్ రెండోసారి వడ్డించుకుంటున్నవాడు ఆ ఎత్తుకు సర్దుకుంటున్నట్టే లెక్క. ఆ దాల్‌భాత్ కూడా ప్రెషర్ కుక్కర్‌లోనే ఉడకాలి. బేస్ క్యాంపు ఎత్తులో నీళ్లు 83 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, మామూలు గిన్నెలో పప్పు ఎంతసేపున్నా పలుకుగానే ఉంటుంది.

జబ్బు ఎక్కడ మొదలవుతుంది? 2,500 మీటర్లు దాటాక, చేరిన ఆరు గంటల నుంచి పన్నెండు గంటల లోపు సాధారణంగా తలనొప్పితో. దానికి తోడు వాంతి వచ్చేట్టుండటం, ఆకలి చచ్చిపోవడం, నీరసం, తల తిరగడం. నిన్న రాత్రి తాగినవాడికి పొద్దున్నే ఎలా ఉంటుందో అలా. ‘ఎండకి వచ్చింది’, ‘టోపీ పెట్టుకోలేదు’, ‘మోమోలు పడలేదు’ అని సాకులు వెతుక్కుంటాం. ఆ ఎత్తులో తలనొప్పి వస్తే, వేరే కారణం రుజువయ్యేదాకా ఎత్తు జబ్బుగానే చూడమన్నది అక్కడి వైద్యుల మాట. ఇది అరుదైన సంగతేమీ కాదు. 1970ల్లో పీటర్ హాకెట్ అనే యువ డాక్టర్ డింగ్‌బోచే పక్కనే ఉన్న ఫెరిచేలో 278 మంది ట్రెక్కర్లను పరిశీలిస్తే 53 శాతానికి ఈ లక్షణాలున్నాయి. కింది నుంచి నడిచి వచ్చినవాళ్లకన్నా లుక్లాకు విమానంలో వచ్చినవాళ్లకే ఎక్కువ. ఫెరిచేలో హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ నడిపే వైద్య కేంద్రం ఇప్పటికీ ట్రెక్కింగ్ సీజన్లలో తెరుస్తారు.

మామూలు ఎత్తు జబ్బు ఒకటి రెండు రోజులు ఆగితే తగ్గుతుంది. ఆగకుండా పైకి పోతేనే అది రెండు భయంకరమైన దారులు పడుతుంది.

ఒకటి మెదడు వాపు. దీన్ని పట్టుకోవడానికి గైడ్లు చేసే పరీక్షకు పైసా ఖర్చు లేదు. నేల మీద గీత గీసి, ఒక పాదం మడమను రెండో పాదం బొటనవేలికి ఆనిస్తూ నడవమంటారు. మామూలు మనిషి ఎంత అలసినా పది అడుగులు వేయగలడు. మెదడు ఉబ్బుతున్నవాడు రెండో అడుగుకే చేతులు చాచి పక్కకు తూలుతాడు, ‘బూటు బిగుతుగా ఉంది’ అంటాడు. బూటు లేసు కట్టుకోలేకపోవడం, అడిగిన ప్రశ్నకు పొంతన లేని జవాబివ్వడం కూడా అదే కోవలోవి. తెల్లవారేదాకా చూద్దాం అనుకోవడానికి వీల్లేదు. ఆ రాత్రికి రాత్రే దింపాలి.

రెండోది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. శరీరంలో పనికొచ్చే ఏర్పాటొకటి ఇక్కడ ఎదురు తిరుగుతుంది. న్యుమోనియాతో ఊపిరితిత్తిలో ఒక భాగం పాడైతే, అక్కడ ఆక్సిజన్ లేదని పసిగట్టి ఆ చోటి రక్తనాళాలు ముడుచుకుంటాయి, రక్తం బాగున్న భాగానికి మళ్లుతుంది. మంచి తెలివే. కొండ మీద ఊపిరితిత్తి మొత్తానికీ ఆక్సిజన్ కొరతే కాబట్టి నాళాలు ఎక్కడికక్కడ బిగుసుకుంటాయి. రక్తపోటు పెరిగి సన్నటి నాళాల్లోంచి నీరు గాలి గదుల్లోకి కారుతుంది. సాధారణంగా కొత్త ఎత్తుకు చేరిన రెండో రాత్రికి పొడిదగ్గు, కూర్చున్నా ఆయాసం. ముదిరితే గులాబీ రంగు నురగ. ఎత్తు జబ్బుల్లో ఎక్కువ ప్రాణాలు తీసేది ఇదే.

దీని గురించి వైద్యలోకానికి వివరంగా చెప్పినవాళ్లలో మన సైన్యం డాక్టర్లు ముందువరసలో ఉన్నారు. 1962 యుద్ధంలో మైదానాల్లో ఉన్న జవాన్లను ఉన్నపళంగా విమానాల్లో, ట్రక్కుల్లో హిమాలయాలకు చేరవేశారు. తూటా తగలకుండానే ఎందరో కుప్పకూలారు. ఆ తర్వాత ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1,925 మంది జవాన్ల ఎత్తు జబ్బును పరిశీలించి 1969లో ప్రచురించిన వ్యాసం ఈ రంగంలో పునాదిరాళ్లలో ఒకటి. ఆ పాఠం మీదే ఇప్పటి సైన్యపు నియమం నిలబడింది. 2,700 నుంచి 3,600 మీటర్ల మధ్య ఆరు రోజులు, 4,500 దాకా మరో నాలుగు, ఆపైన ఇంకో నాలుగు రోజులు ఆగాకే జవాన్లకు పని అప్పగిస్తారు.

రోజూ పరిగెత్తే జవానుకే ఇంత జాగ్రత్త అవసరమైతే, ‘నేను జిమ్‌కి వెళ్తాను, నాకేం కాదు’ అనేవాడి మాటకు విలువెంత? వ్యాయామం గుండెనూ కాళ్లనూ బలపరుస్తుంది, కిడ్నీలకు తొందర నేర్పదు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఆగకుండా ఎక్కేవాడికి నామ్చే ఏటవాలు సులువవుతుంది, నిజమే. ఆ సులువే కొంప ముంచుతుంది కూడా. త్వరగా నడవగలడు కాబట్టి త్వరగా పైకి పోతాడు, తలనొప్పి వస్తే చెప్పుకోవడానికి నామోషీ. పైగా మన ప్రాంతంలో దీనికి రిహార్సల్ వేసే చోటే లేదు. తూర్పు కనుమల్లోకెల్లా ఎత్తని చెప్పే అర్మ కొండ కూడా 1,680 మీటర్లే. అనుభవం కూడా పూచీ ఇవ్వదు. ఎవరెస్టును మొదట ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీనే 1977లో గంగ వెంట సాగిన యాత్ర చివర హిమాలయాల్లో ఎత్తు జబ్బుతో పడిపోతే హెలికాప్టర్‌లో దింపాల్సి వచ్చింది.

రక్తం చిక్కబడటం, ఎర్రకణాలు పెరగడం గురించి అందరూ చెబుతారు గానీ, ట్రెక్కింగ్‌కు వెళ్లినవాడికి దానివల్ల ఒరిగేది తక్కువే. మొదటి రోజుల్లో హిమోగ్లోబిన్ పెరిగినట్టు కనిపించేది రక్తంలోని నీరు తగ్గడం వల్ల. నిజంగా కొత్త కణాలు సరిపడా తయారవడానికి వారాలు పడుతుంది. కణాలు ఆక్సిజన్ కొరతను ఎలా పసిగడతాయో విడమరిచినందుకు కేలిన్, రాట్‌క్లిఫ్, సెమెంజా అనే ముగ్గురికి 2019లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ యంత్రాంగంలోనే ఉన్న ఈపాస్1 అనే జన్యువు టిబెటన్లలో, షెర్పాల్లో ప్రత్యేకమైన రూపంలో ఉంటుంది. దాని పుణ్యాన వాళ్ల రక్తం అతిగా చిక్కబడదు. డెనిసోవన్లనే అంతరించిన మానవజాతి నుంచి ఆ రూపం వాళ్లకు సంక్రమించిందని 2014లో తేలింది. ఆండీస్ పర్వతాల వాళ్ల శరీరం వేరే దారి పట్టి హిమోగ్లోబిన్‌ను పెంచుకుంది, అందుకు వాళ్లలో కొందరు దీర్ఘకాలపు కొండజబ్బుతో మూల్యం చెల్లిస్తున్నారు. మరో మాట. బేస్ క్యాంపు దారిలో మన బ్యాగులు మోసే పోర్టర్లందరూ షెర్పాలు కారు. చాలామంది కింది కొండల నుంచి కూలికి వచ్చిన రాయ్‌లు, తమాంగ్‌లు. మనలాగే వాళ్లకూ ఎత్తు జబ్బు వస్తుంది, పైగా ముప్ఫై కిలోల బరువు వీపున ఉంటుంది. మన తలనొప్పి అడిగే గైడు వాళ్ల తలనొప్పి కూడా అడుగుతున్నాడో లేదో చూడటం మన బాధ్యతే.

ఎత్తుకు పుట్టుక కన్నా గడువే ముఖ్యమనడానికి నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వెళ్లిన మాలావత్ పూర్ణే సాక్ష్యం. 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్‌తో కలిసి టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కింది. భువనగిరి రాతిగుట్ట మీద మొదలైన శిక్షణ డార్జిలింగ్, లద్దాఖ్‌ల మీదుగా సాగాకే ఆ అమ్మాయి అక్కడికి వెళ్లింది.

మన సెలవుల లెక్క మాత్రం దీనికి సరిగ్గా తలకిందులు. హైదరాబాద్‌లో విమానం ఎక్కి ఢిల్లీ మీదుగా 3,500 మీటర్ల లేహ్‌లో మధ్యాహ్నానికి దిగుతారు, సాయంత్రం బజారు, మర్నాడే 5,359 మీటర్ల ఖార్దుంగ్ లా దగ్గర సెల్ఫీ. అక్కడి బోర్డు మీద చాలాకాలం 18,380 అడుగులని ఉండేది, నిజానికి అది 17,600కు కొంచెం తక్కువ. అయినా ఊపిరాడకపోవడానికి అది చాలు. సైన్యం ఆరు రోజులు ఆగమన్న చోట మన ప్యాకేజీ ఒక రాత్రి ఆగుతుంది. కేదార్‌నాథ్ (3,583 మీటర్లు) హెలికాప్టర్‌లో వెళ్లి రెండు గంటల్లో దిగివచ్చేవాళ్లకు ఎత్తు జబ్బు మొదలవడానికే వ్యవధి ఉండదు. గుండెజబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకు మొదటి నిమిషం నుంచే ప్రమాదం. గౌరీకుండ్ నుంచి ఒక్క రోజులో నడిచెక్కి, గుడి దగ్గరే రాత్రి పడుకునే అరవై ఏళ్ల యాత్రికులే ఎక్కువ జాగ్రత్తపడాలి. తోడుగా వెళ్లిన కొడుకులు, కోడళ్లు ‘దర్శనం అయిందాకా ఓర్చుకో అమ్మా’ అనకండి. ఆయాసం పెరుగుతుంటే దర్శనం సంగతి తర్వాత, ముందు కిందికి దింపండి.

జబ్బు ముదిరినప్పుడు ఆక్సిజన్, డెక్సామెథసోన్, నిఫెడిపిన్, మనిషిని లోపల పడుకోబెట్టి గాలి కొట్టే గామో సంచి అన్నీ ఉపయోగపడతాయి. ఇవన్నీ దింపేదాకా ప్రాణం నిలిపే ఏర్పాట్లు. వైద్యం దిగడమే, చాలాసార్లు 300 నుంచి 1,000 మీటర్లు దిగితే చాలు, నడవలేని మనిషి మళ్లీ మాట్లాడతాడు. కాబట్టి వచ్చే సీజన్‌లో బేస్ క్యాంపుకు వెళ్లాలనుకుంటే డబ్బు కట్టకముందే ట్రెక్కింగ్ కంపెనీని రెండు ప్రశ్నలు అడగండి. నామ్చేలో, డింగ్‌బోచేలో రెండేసి రాత్రులున్నాయా? మనలో ఒకరికి జబ్బు చేస్తే వాళ్లతో దిగడానికి ఇంకో గైడు ఉంటాడా? రెండింటిలో దేనికి ‘లేదు’ అన్నా, రెండు రోజులు తక్కువ, పదివేలు చవక అని ఎంత ఊరించినా, ఆ కంపెనీని వదిలేయండి.